భుజాల మీది గుంటలు

అవ్వా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నిజామాబాద్‌లో బ్రా కొనుక్కోవడానికి ఆడవాళ్లే అమ్మే దుకాణానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి టేపుతో కొలిచి, నేను తీసిన సన్న పట్టీల బ్రా పక్కన పెట్టేసింది.

"నిండు ఛాతికి గిది ఆగది మేడం. వెడల్పు పట్టీలు, నిండు కప్పు తీస్కోండ్రి. బరువు వీపు పట్టీ మొయ్యాలె, భుజాలు గాదు."

నువ్వు బీడీల చాట ముందు కూర్చుని, బ్రా పట్టీల కింద గుడ్డపేలికలు మడిచి పెట్టుకునేదానివి. "భుజాలు కోస్తున్నయ్ బిడ్డా" అంటే, "జర బీడీలు తక్కువ చెయ్యి" అన్నాను. బీడీ కార్మికుల భుజాల నొప్పి మీద మా పత్రికలో వార్త రాశాను. ఊరూరా ఆడవాళ్లను అడిగాను, నిన్ను తప్ప.

బోధన్‌లో నీకు బ్రాలు కొన్నది నీ కూతురినైన నేనే. అధికారులను నిలదీసే నేను, కౌంటర్లో మగవాళ్లను పెద్ద సైజు అడగడానికి సిగ్గుపడి, అప్పటి నా చిన్న సైజే చెప్పి బయటపడేదాన్ని. నువ్వెన్నడూ మార్చుకు రమ్మనలేదు.

"ఇంకెవ్వరికన్న కావాల్నా మేడం?" అంది ఆ అమ్మాయి.

"మా అవ్వకు" అన్నాను.

"సైజెంత?"

ఎన్నడూ అడగలేదని చెప్పాను.