బంగారు పిడి కత్తి

అక్కా,

నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. దిగులు పెట్టుకోకు.

మా యజమాని కొత్త రకం క్షవరం కత్తులు తెప్పించాడు. పిడికి బంగారు పూత, దాని మీద చెక్కిన లతలు. చూడడానికి నగలా ఉంటుంది గానీ మహా బరువు, నురగంటిన చేతిలోంచి జారిపోతుంది. నిన్న ఒక పెద్దాయనకు చెవి కింద గాటు పడింది. ఆయన తువ్వాలు అద్దుకుని, డబ్బులిచ్చి వెళ్లాడు. నాకే తల కొట్టేసినట్టయింది. తిన్నగా యజమాని దగ్గరికెళ్లి, "అయ్యా, ఇది గడ్డానికి పనికిరాదండీ" అనేశాను. ఇక నా పని ఊడిందనే అనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, "ఏదీ మాస్టారూ, నాకు గీసి చూపించండి" అన్నాడు. ఒక చెంప కొత్త కత్తితో, రెండోది బావ ఇచ్చిన కత్తితో గీశాను. రెండూ తడుముకుని చూసుకుని, కొత్తవన్నీ అద్దాల బీరువాలో పెట్టించేశాడు. "ఎవరు నేర్పారు మీకు?" అని అడిగితే, "మా బావండీ" అన్నాను. బావకి ఈ మాట తప్పకుండా చెప్పు.

ఆ సంతోషంతో గదికొచ్చాను గానీ, చెప్పుకుందామంటే ఎవరున్నారు? అందుకే ఈ కార్డు.

బావ భుజం నొప్పి తగ్గిందా? కొట్టు రోజూ తెరుస్తున్నాడా? అటక మీద కత్తి నూరే పాత తోలు పట్టీ ఉండాలి, పంపించు. చంటిదానికి పళ్లొచ్చాయా? దానికి నా ముద్దులు, బావకు నమస్కారాలు.

ఇక్కడ అందరూ నన్ను మాస్టారూ అంటారు, మీరు అంటారు. ఒరేయ్ అనేవాళ్లే లేరు. నువ్వు జవాబు ఆ మాటతోనే మొదలుపెట్టు.

నీ తమ్ముడు