రెండోసారి అడగని ఊరు

నా అక్కకి,

నీ పిచ్చుక ఒళ్ళు మండిపోతూ రాస్తున్న ఉత్తరం ఇది. కోపం ఎవరి మీదని అడక్కు. నా మీదే.

మా వర్క్‌షాపులో పెద్ద పెద్ద హాళ్ళకి తెరలు కుడతామని చెప్పానుగా. ఆ గుడ్డ కోసే బల్ల చూసుకునే పెద్దావిడ పని మానేసింది. అక్కడ కత్తెర పట్టినవాళ్ళ మాటే మిగతా అందరికీ మాట. నిన్న యజమానురాలు నన్ను గదిలోకి పిలిచి, "ఆ బల్ల నువ్వు చూసుకుంటావా?" అంది. ఈ దేశం వచ్చిన రోజు నుంచీ నా కళ్ళు దాని మీదే కదా, గుండె ఎగిరి గంతేసింది. కానీ నోరేమందో తెలుసా? "అయ్యో, నాకెందుకండీ! నాకంటే పెద్దవాళ్ళు ఉన్నారుగా!"

మన వైపైతే ఏమంటారు? "భలేదానివే, నువ్వు కాకపోతే ఇంకెవరు?" అంటారు. మనం ఇంకాస్త నసుగుతాం. ఆఖరికి "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని తలూపుతాం. నేను ఆ రెండో మాట కోసం నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ "సరే, చెప్పినందుకు థాంక్స్" అని కంప్యూటర్ వైపు తిరిగిపోయింది. సాయంత్రానికల్లా కత్తెర నా పక్క మిషన్ ఆవిడ చేతిలో ఉంది. ఆవిడకి పడుగేదో పేకేదో తెలియదు!

వచ్చిన కొత్తలో యజమానురాలింటికి భోజనానికి వెళ్ళి, "చాలండీ, చాలు" అని, ఆకలితో తిరిగొచ్చి ఎండు రొట్టె నమిలినదాన్ని. అప్పుడే బుద్ధి రావలసింది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు.

అన్నట్టు, వర్క్‌షాపు పైన ఒక గది ఉంది. సెలవుల్లో నెల రోజులపాటు మాలో ఒకరి చుట్టాలకి ఇస్తారట. నువ్వు వస్తావా? టికెట్ నేను కొంటాను.

నీ పిచ్చుక

* * *

అక్కా,

నీ జవాబు చదివి పడీపడీ నవ్వాను. "అడగందే అమ్మైనా పెట్టదు, ఆవిడేమైనా నీకు మేనత్తా బతిమాలడానికి?" అని భలే గడ్డి పెట్టావు. మర్నాడే వెళ్ళి, "ఆ రోజు వద్దన్నది మర్యాదకి. నాకు ఆ పని కావాలి" అనేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆవిడ విస్తుపోయింది. "వద్దంటే వద్దనే అనుకున్నాను. మళ్ళీ అడిగితే నిన్ను ఇబ్బంది పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను" అంది. చూశావా! నన్ను చిన్నచూపు చూసిందని నేను కుమిలిపోతుంటే, ఆవిడ నా మాటకి విలువిచ్చిందట. పక్క మిషన్ ఆవిడ కూడా ఆ బల్లతో వేగలేక తల పట్టుకుని ఉంది. వారం తిరక్కుండా కత్తెర నా చేతికొచ్చింది.

ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది. ఔనంటే ఔను, కాదంటే కాదు. "నాకెందుకే అంత దూరం, వద్దులే, నీకు ఖర్చు" అని రాశావు కదా, పాత పిచ్చుకనైతే నీ ప్రాణం తోడేసేదాన్ని. ఈసారి నీ మాటకి విలువిచ్చాను. ఆ గది పక్క మిషన్ ఆవిడ వాళ్ళమ్మకి ఇచ్చేయమన్నాను. ఎంత ఎదిగానో చూడు!

కత్తెర పట్టిన నీ పిచ్చుక

* * *

ఒసే పిచ్చుకా,

కత్తెర నీ చేతికొచ్చిందని వీధి వీధంతా చెప్పాను. సంతోషం.

ఇక నా సంగతి విను. "వద్దులే" అని రాసి ఉత్తరం డబ్బాలో వేసి, అటునుంచి అటే స్టూడియోకి వెళ్ళి పాస్‌పోర్టుకి ఫోటో దిగాను. ఊరందరికీ జాకెట్లు కుట్టేదాన్ని, చాన్నాళ్ళకి నాకోసం రెండు కుట్టుకున్నాను. నా కొట్టుకి వచ్చినవాళ్ళందరితో, "వచ్చే నెల నేనుండను, మా చెల్లెలు రమ్మని ఒకటే గొడవ" అని చెప్పి గుడ్డలు తిప్పి పంపేశాను. ఆ గొడవేదో నువ్వు పెట్టనే లేదు. నీ ఉత్తరం కోసం రోజూ గుమ్మంలో నిలబడ్డాను. వచ్చింది. గది ఇంకెవరి అమ్మకో ఇచ్చావట. మిషన్ మీద గుడ్డ లేదు, చేతిలో పని లేదు, దాని ముందే కూర్చుని ఏడ్చానే.

నీ మీద కోపం లేదని అనను. మీ యజమానురాలికి మన మొహమాటం తెలియదు, నీకు తెలుసు. అక్కడి పద్ధతి నేర్చుకున్నావు, మంచిదే. నాకు రాసేటప్పుడు మాత్రం చెప్పులతోపాటు దాన్ని కూడా గుమ్మం బయట విడిచిపెట్టు.

ఇదిగో, నీ కొత్త ఊరి పద్ధతిలోనే ఒక్కసారి చెబుతున్నాను. నాకు రావాలని ఉంది. గది లేకపోతే నీ మంచం పక్కనే చాప వేసుకుంటాను.

నేను నీ పద్ధతిలో చెప్పాను కదా, నువ్వు మన పద్ధతిలో జవాబు రాయి. వస్తానన్నాను, అయినా ఇంకోసారి రమ్మను.

నీ అక్క