మూలల్లో సూది చుక్కలు

హాన్లన్ గారికి,

ఈ ఉదయం టోస్టు తింటూ నాన్న బొటనవేలితో ఖాళీ బల్లను తడిమారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు.

"కాజిమిర్, నా టీమంతా ఏమైందిరా?"

"వాన పడింది బావా, ఈరోజు ఆట లేదు," అన్నాడు మామయ్య, నా వైపు చూడకుండా.

"వీపు మీద ఎండ కాలుస్తుంటే వానేమిట్రా?"

నాన్నకు చెప్పకుండా ఆయన ఆటగాళ్ల బొమ్మలున్న బేస్‌బాల్ కార్డులు మీకు అమ్మింది మామయ్యే.

వాటి మూలల్లో వింత గుర్తులేమిటని అడుగుతూ మీరు రాసిన ఉత్తరం నేనే తెరిచాను. అవి పురుగు తిన్న చోట్లు కావు, సూదితో గుచ్చినవి. ఒక చుక్క ఉంటే బంతి విసిరే పిచర్, రెండుంటే దాన్ని పట్టే క్యాచర్. అలా ప్రతి ఆటగాడికీ ఒక లెక్క ఉంది. వాటిని వేలితో చదివే నాన్న రోజూ బల్ల మీద జట్టును నిలబెడతారు.

శనివారం ఆ గుర్తులను ఇస్త్రీతో చదును చేస్తానని రాశారు. దయచేసి చేయకండి. శనివారం ఉదయం మొదటి బస్సుకే, మీ డబ్బు తిరిగి ఇచ్చి కార్డులు తీసుకెళ్లడానికి వస్తాను. మీరు ఎక్కువ అడిగినా ఇస్తాను, నాకు బేరమాడటం రాదు.

ఆ చుక్కలు గుచ్చింది మా అమ్మ, నాన్నకు పక్కింటి పిల్లగా ఉన్న రోజుల్లో. ఆమె ఈ ఏప్రిల్‌లో చనిపోయింది.