దొంగలొస్తే ఎవరికి ఫోన్

మామా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. తిరుచానూరులో మన గాజుల కొట్టు మూసేటప్పుడు నేనూ నీలాగే తాళం మూడుసార్లు లాగి చూసి, అమ్మవారి గుడివైపు దండం పెట్టి వస్తున్నాను. అయినా పోయిన వారం ఎవరో తాళం పగలగొట్టారు.

ఈరోజు మన అల్లుడు కెమెరాలు బిగించే అతన్ని తీసుకొచ్చాడు. సైరన్ మోగేది కావాలా, ఫోన్ చేసేది కావాలా అని అడిగాడతను. ఏదన్నా అయితే ఫోన్ చెయ్యమని నువ్వు అనేవాడివి కదా, ఫోన్ చేసేదే చాలన్నాను.

"దొంగలొస్తే ఎవురికి ఫోన్ పోవల్లక్కా? నంబరు సెప్పు."

గడగడా చెప్పేశాను. అతను ఆ నంబరుకు ఫోన్ చేసి చూశాడు.

"ఈ నంబరు లేదంటాండాదే అక్కా!"

నాకు నోటికి వచ్చింది నీ నంబరొక్కటే మామా. నా నంబరు కావాలన్నా నిన్నే కదా అడిగేదాన్ని.