పిల్లకి ఈసారి రెండు సూదులు

ఏమండీ,

ఇవాళ మన మనవరాలికి రెండో విడత టీకాలు వేయించారు. మూడేళ్ల కిందట మొదటిసారి "పసిదానికి ఎన్ని పోట్లు? కలిపి ఒకే సూదిలో వేయించండ్రా" అన్నది మీరే. ఆ టీకా తర్వాత జ్వరంతో ఫిట్స్ వచ్చేసరికి, పిల్ల చేతిలో పెట్టడానికి ఇనుప తాళంచెవి కోసం ఇల్లంతా వెతికారు. పరాయి దేశంలో ఈ కాపెల్ ఊళ్లో తలుపులకి నొక్కే నంబర్లే గాని తాళాలెక్కడివి?

ఈసారీ అబ్బాయి కలిపే వేయిద్దామన్నాడు. కోడలు "మళ్లీ ఆ భయం నావల్ల కాదు, విడివిడిగానే" అంది.

తెలుగు డాక్టరమ్మ విడిగానే వేసింది.

"అప్పుడు మా ఆయన మాటవల్లే వచ్చిందా అమ్మా?" అని అడిగాను.

"విడిగా వేసినా కొందరికి జ్వరంతో అలా వస్తుంది ఆంటీ. అంకుల్ తప్పేముంది?" అంది.

పిల్ల కారెక్కగానే చిప్స్ అడిగింది.

"నా నోరే దాన్ని పడేసింది" అని పోయేదాకా కుమిలారు. డాక్టరమ్మ అన్న ఈ ఒక్క మాట వినకుండానే వెళ్లిపోయారు.