ముఖం చూడకుండా విన్నది

సిడెన్‌హామ్, డర్బన్
20 ఆగస్టు 1996, మంగళవారం

పూజ్యురాలైన అమ్మకు,

నీ పెద్ద కూతురు హరిప్రియ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. కాకినాడలో నువ్వూ చెల్లాయీ క్షేమమని తలుస్తాను. క్షేమం అన్న మాట ఈసారి అలవాటు కొద్దీ రాశాను, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. ఇంటావిడ పెగ్గీ మన తెలుగువాళ్ళే. ముత్తాతల నాడు చెరకు తోటల్లో పనికొచ్చిన కుటుంబం. ఆమెకు తెలుగు తిట్లలోనూ తిండిలోనూ మిగిలింది. నిన్న నా ముఖం చూసి, "అమ్మాయ్, వాట్ హాపెన్? దెయ్యం చూసినావా? ఫస్ట్ అన్నం తిను, దెన్ టాక్" అంది. పులుసు బాగానే పెడుతుంది. టాక్సీల వాళ్ళ కాల్పుల గురించి పేపర్లో చూసి అడిగావు. నిజమే, రూట్ల కోసం వాళ్ళలో వాళ్ళు కాల్చుకుంటున్నారు. నేను చీకటి పడకముందే ఇల్లు చేరుతున్నాను.

"యొరుబాకీ హౌసాకీ తేడా చెబితే ఎవరైనా జీతమిస్తారా?" అని వెక్కిరించావు. ఇస్తున్నారమ్మా, అదే నా ప్రాణం మీదికి వచ్చింది. ఉత్తరాన హౌసావాళ్ళ ఊరు కానోలో నువ్వు లెక్కలు చెప్పిన పదేళ్ళూ నేను వీధిలో హౌసా నేర్చుకున్నాను, తర్వాత అదే దేశంలో దక్షిణాన యొరుబావాళ్ళ ఊరు ఇబాదాన్ హాస్టల్లో యొరుబా. యొరుబావాళ్ళు గ, బ రెండింటినీ ఒకే దెబ్బలో ఒకే హల్లుగా పలుకుతారు. హౌసాలో అది లేదు. హౌసాలో గొంతు బిగించి టక్కున వదిలే క ఉంది, గాలి లోపలికి లాగినట్టుండే బ ఉంది, జీబ్రాలోని జ ఉంది. ఇవి యొరుబాలో లేవు. ఈ నాలుగు హల్లులతో మనిషి ఊరు చెప్పొచ్చని నాకు గర్వం ఉండేది.

యూనివర్సిటీ పాఠాలతో పాటు ఇక్కడి వలసల ఆఫీసుకు ఈ పని చేస్తున్నాను. సానీ అనే మనిషి ఆశ్రయం కోరాడు. తాను కానో హౌసావాడినని, సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా కరపత్రాలు వేసి పారిపోయి వచ్చానని చెప్పాడు. లాగోస్ యొరుబావాడే కథ అల్లాడని ఆఫీసు అనుమానం. మాట్లాడే మనిషిని నేను చూడను. ముఖం చూస్తే జాలో కోపమో చెవిలో దూరుతుందని నా పట్టుదల. నేను పక్క గదిలో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాను, గుమాస్తా మాటలు చదివిస్తాడు. హౌసావి ముప్పై, యొరుబావి ముప్పై.

సానీ నోట క వదులుగా వచ్చింది. బ మామూలు బ. జ బదులు స వినిపించింది. "హౌసా ఇతని మాతృభాష కాదు, యొరుబా కావచ్చు" అని రాసి సంతకం పెట్టాను. అతన్ని తిప్పి పంపమని ఉత్తర్వు వచ్చింది. విమానం ఎల్లుండి.

నిన్న నా పర్మిట్ పొడిగింపు కోసం అదే ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో కాపలాదారు "సానీ" అని పిలిస్తే బెంచీ మీంచి ఒక మనిషి లేచాడు. పై పళ్ళు ముందువి రెండూ లేవు. పెదవికి కుట్లు. మెడ చుట్టూ కమిలి ఉంది. నా పరీక్షకు ముందే, ఊళ్ళో దిగిన వారానికే దొంగలు పట్టుకుని కొట్టారట. ఆ నోటితో జ ఎలా పలుకుతాడమ్మా? ఆ గొంతు ఎలా బిగిస్తాడు?

ఇంతకన్నా పెద్దది నీకు ఇంకా చెప్పలేదు. నేను సానీ మాటలు విన్న శుక్రవారం మధ్యాహ్నం టాక్సీ స్టాండు దగ్గర మళ్ళీ కాల్పులు జరిగాయి. ఇల్లు చేరనేమోనని భయపడ్డాను. హౌసా జాబితా అవగానే గుమాస్తాతో చాలన్నాను. యొరుబా జాబితా చదివించనే లేదు. చదివించినట్టు రాశాను. ఆ గ-బ హల్లు అతనికి వస్తుందో రాదో నేను ఇవాళ్టికీ వినలేదు.

ఇవాళ పొద్దున వెళ్ళి అధికారి లారెన్స్‌కి ఇదంతా కాగితం మీద పెట్టి ఇచ్చాను. ఆయన చదివి, సొరుగులో పెట్టి, "మేడమ్, రేపు పదింటికి మళ్ళీ పరీక్ష పెడదాం. అతను యొరుబావాడేనని తేలితే ఈ కాగితం ఎవరూ చూడక్కర్లేదు. కాదని తేలితే మీ పర్మిట్ ఫైలుతో కలిపి పైకి పంపాలి" అన్నాడు.

చాలా భయంగా ఉందమ్మా. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. అంతకన్నా నా చెవి అంటేనే భయం. రేపు అతను నోరు తెరిస్తే యొరుబా వినపడాలని నాలో ఒక మూల కోరుకుంటోంది. అలాంటి చెవితో ఒక మనిషి ప్రాణం తేల్చడమేమిటి? ఇంకొకరిని పిలవమంటే, ఈ రెండు భాషలూ తెలిసినవాళ్ళు ఎల్లుండిలోగా దొరకరన్నారు.

నేను చేసింది సానీకి చెప్పమన్నాను. నన్ను వద్దనే హక్కు అతనికి ఉంది. లారెన్స్ లోపలికి వెళ్ళి అయిదు నిమిషాల్లో వచ్చాడు. "సరే అన్నాడు. ఒక్కటే అడిగాడు. ఈసారి మిమ్మల్ని ఎదురుగా కూర్చుని, తనను చూస్తూ వినమన్నాడు."

ఇట్లు,
రేపు పదింటికి అతని ఎదుట కూర్చోబోతున్న
నీ కూతురు
హరిప్రియ