కంత కోసిన అట్టముక్క

చెల్లికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ వదినా, నీ కూతురు పిచ్చుకా ఒంట్లో బాగానే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందో లేదో పోయిన ఉత్తరంలో రాయలేదు.

నువ్వు అడిగినవి చెప్తాను. నా మోకాలు అలాగే ఉంది, మెట్లు దిగేటప్పుడే గోల పెడుతుంది. పిచ్చుక బాగానే తింటోంది. పేరుకే పిచ్చుక, వదిన ఇటు తిరిగేలోపు గిన్నె ఖాళీ. దాని సూట్‌కేసు జిప్పు బాగుచేయించాను. అది ఇంకా మంచం పక్కనే ఉంది. తీసి అటక మీద పెట్టమని ఎవరం అనలేకపోతున్నాం.

పోయిన బుధవారం దానికి పద్దెనిమిది నిండాయి. ఆ లోపు దాని పుట్టిన పత్రం అన్ని ముద్రలతో మీ దేశం వాళ్లకి చేరితేనే తల్లి దగ్గరికి రానిస్తారని నువ్వే రాశావు. చేరలేదు. ఇక అది పెద్దవాళ్ల వరసలో నిలబడాలి, ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పరు. ఐదేళ్లుగా నువ్వు ఫోన్లో చూసుకుంటూ పెంచిన పిల్ల. ఆశ పెట్టుకోమని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

"పత్రం చెల్లదని ఆ ఎర్ర ముద్ర కొట్టి తిప్పి పంపిన మహానుభావుడెవరు? అదే ఆఫీసులో ఉండి కాలర్ పట్టుకోలేకపోయావా అన్నయ్యా?" అని అడిగావు. ఫోన్లో అడిగినప్పుడు లైను సరిగా లేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది.

నా పని నీకు తెలుసు. కాగితం దేశం దాటేముందు, దాని మీద అధికారి పెట్టిన సంతకాన్ని మా దగ్గరున్న నమూనా కార్డుతో పోల్చి చూడటం. లోపల రాసింది నిజమా కాదా మాకు అనవసరం. పేర్లు చదివితే మనసు అటూ ఇటూ లాగుతుందని ఒక అట్టముక్కకి కంత కోసి పెట్టుకున్నాను. కాగితం మీద పరిస్తే సంతకం ఒక్కటే కనిపిస్తుంది. మా సూపరింటెండెంటు దాన్ని అందరికీ చూపించి మెచ్చుకున్నాడు. నేనూ తెగ మురిసిపోయాను.

మనవాళ్ల కాగితమని ఎవరూ వేలెత్తి చూపకూడదని పిచ్చుక చేతే కౌంటర్లో ఇప్పించాను. అది తిరిగి తిరిగి నా కట్టలోకే వచ్చింది. పత్రం ఇచ్చిన రిజిస్ట్రారుకి పక్షవాతం వచ్చి ఎడమ చేత్తో సంతకం పెడుతున్నాడని, కొత్త నమూనా ఇంకా పంపలేదని నాకు తెలియదు. కంతలోంచి చూశాను, పోలలేదు, ముద్ర కొట్టాను. పది క్షణాలు కూడా పట్టలేదు.

వారం తర్వాత పిచ్చుక కవరు తెచ్చి, "వెనక్కొచ్చింది మామయ్యా, ఎవరో సరిగా చూసినట్టు లేదు" అంది. ముద్ర పక్కన పొట్టి సంతకం నాది. ఆ పూటే రిజిస్ట్రారు ఇంటికి పరిగెత్తాను. ఆయన పోయి నాలుగు రోజులైందని ఆయన భార్య చెప్పింది. కొత్తాయన వచ్చి, పాత పుస్తకం వెతికించి, మళ్లీ పత్రం ఇచ్చేసరికి బుధవారం దాటిపోయింది. కొట్టిన ముద్ర తీసేయమని సూపరింటెండెంటు కాళ్లావేళ్లా పడ్డాను. "నీ తప్పేం లేదయ్యా, రూలు ప్రకారమే చేశావు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మీ వదినకి చెప్పలేదు. పిచ్చుకకి చెప్పే ధైర్యం అసలే లేదు. అది ఇప్పటికీ "మామయ్య ఉన్నాడుగా" అంటుంది.

నిన్న కాలేజీ ఫారం తెచ్చి, "ఇక నీ సంతకం అక్కర్లేదు, నేనే పెట్టుకోవచ్చు" అని చూపించింది. అలవాటు కొద్దీ నా కళ్లు సంతకం మీదికే వెళ్లాయి. చివర్లో వెనక్కి లాగిన గీత, దాని కింద రెండు చుక్కలు. నీ ఉత్తరం తీసి పక్కన పెట్టి చూశాను. ఎవరూ నేర్పలేదు, అచ్చం నువ్వు పెట్టినట్టే ఉంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత బాగా పోలిన సంతకాలు నేను చూడలేదు.

ఇట్లు,
తల్లీకూతుళ్లని విడదీసిన
నీ పెద్దన్నయ్య